కాలి వేలికి కట్టిన చెట్టు

1

ఈ రోజు మా వీధికి చెట్టు వచ్చింది.

చెట్టును ఎవరి గుమ్మానికి ఎదురుగా నాటితే వాళ్ళే దాని పెద్ద, ఆ పెద్దే చిట్టా రాయాలన్నది పచ్చదనం శాఖ నియమం. కాబట్టి రాస్తున్నాను. పేరు దమయంతి. ఉద్యోగం గాలి కేంద్రంలో. ఇల్లు వంశధార నగరం, నాగావళి వీధి. ఈ అంగారకుడి మీదే పుట్టాను, ఈ సొరంగంలోనే పెరిగాను. చిన్నప్పుడు బడివాళ్ళు తోటకు తీసుకెళ్ళినప్పుడు ఒక్కసారి చెట్టును ముట్టుకున్నాను. అదీ చేతికి తొడుగు వేసుకుని, వరసలో నా వంతు వచ్చాక.

అలాంటిది ఇప్పుడు నా గుమ్మం ముందే కానుగ మొక్క. నా భుజం దాకా ఉంది. బండి మీద నిలబెట్టి తెస్తుంటే వీధి వీధంతా పనులు మానుకుని బయటికి వచ్చింది. ఎదురింటి దర్జీ నజీమా సగం కుట్టిన చొక్కాను మిషను మీద అలాగే వదిలేసి వచ్చింది. మా ఆయన సూర్యం అప్పుడే షిఫ్టు దిగాడు. ఎముకలు గట్టిపడాలని మేమందరం నడుముకు కట్టుకునే బరువు పట్టీ కూడా విప్పకుండా గుంటలోకి దిగి మట్టి సర్దాడు. ఎవరో పసుపు తెచ్చి కాండానికి రాశారు. ఇంకెవరో హారతి అన్నారు. నిప్పు వెలిగిస్తే ప్రమాద గంట మోగుతుందని గుర్తొచ్చి, చేతి దీపం తిప్పి సరిపెట్టుకున్నారు.

పచ్చదనం శాఖ నుంచి బెహరా గారు వచ్చారు. పెద్దమనిషి, మాట నెమ్మది. నాలుగు వైపులా గుంజలు పాతించి, వెడల్పాటి పట్టీలతో మొక్కను కట్టించి నాకు అప్పజెప్పారు.

"ముట్టుకోకండి. ఊపకండి. ఎవర్నీ ఆనుకోనివ్వకండి. కొత్త వేళ్ళమ్మా, కదిలితే తెగిపోతాయి. వచ్చే ఏడాది గుంజలు తీస్తాం. తనంతట తాను నిలబడితే చెట్టు మీది. పడిపోతే మట్టి ఎత్తి ఇంకో చోటికి పంపి, గుంట మూసేస్తాం."

"మళ్ళీ ఇంకో మొక్క ఇవ్వరా?"

"మొక్కలకేం, ఎన్నైనా ఇస్తాం. మట్టి ఎక్కడుందమ్మా?"

నిజమే. ఇక్కడ మట్టి పుట్టదు, చేసుకోవాలి. ఆ గుంటెడు మట్టి తయారవడానికి మా అమ్మ తరం మొత్తం పట్టింది.

చివరికి అసిరమ్మ మామ్మను నడిపించుకొచ్చారు. మా పక్కిల్లే ఆమెది. ఈ సొరంగం తవ్వడానికి శ్రీకాకుళం నుంచి వచ్చిన మొదటి జట్టులో మనిషి. రాతి ధూళికి కళ్ళు పోయాయి. ఆ తర్వాత వీధిలో పిల్లలందర్నీ ఆమే చూసుకుంది. తల్లిదండ్రులు షిఫ్టులకు పోతే, ఉయ్యాలకు తాడు కట్టి, ఆ తాడు కొస కాలి బొటనవేలికి చుట్టుకుని, చేతులతో గాలి కేంద్రం వాళ్ళ వడపోత దారాలు చిక్కు తీసుకుంటూ పిల్లల్ని ఊపేది. నేనూ, సూర్యం, నజీమా, ఈ వీధిలో పుట్టినవాళ్ళందరం ఆ వేలి చలవతో నిద్రపోయినవాళ్ళమే.

మామ్మ ఆకును తడిమింది. దాని దగ్గరికి చెవి పెట్టి కాసేపు నిలబడింది.

"ఏటే, ఇది పలకదేటి?"

"చెట్టు పలకడమేటి మామ్మా?"

"సప్పుడే. ఆకు సప్పుడు. నాను దాని కోసమే గదా ఇలగ వొచ్చినాను."

"కొత్త కదా మామ్మా" అన్నాను. కొత్త కోడలి గురించి చెప్పినట్టు.

2

పని ఇలా సాగుతోంది. పొద్దున్నే స్నానాల నీళ్ళు తేర్చి, చెంబుతో కొలిచి మొదట్లో పోస్తాను. తర్వాత తడిగుడ్డతో ఒక్కొక్క ఆకూ తుడుస్తాను. ఎంత కట్టుదిట్టంగా ఉన్నా ఎర్రధూళి ఎక్కడినుంచో దూరి ఆకుల మీద కూర్చుంటుంది. నేను కొంచెం చాదస్తం మనిషిని, ఆ సంగతి వీధంతా ఒప్పుకున్నదే. ఆకు అడుగుభాగం కూడా వదలను.

"పెళ్ళయిన కాడ్నుంచి నా మొహం ఎప్పుడైనా ఇలగ తుడిచినావా?" అన్నాడు సూర్యం.

"నువ్వు కదలకుండా నిలబడితే తుడుస్తాను."

నజీమా ఒక ఎర్ర దారం ఇచ్చింది. దాన్ని కాండం చుట్టూ వదులుగా, వేలు దూరేలా కట్టాను. దారం బిగిసిందంటే కాండం లావెక్కినట్టే. అప్పుడు తెంపి కొత్తది కట్టాలి. మొదటి దారం బిగిసిన రోజున వీధిలో అందరికీ బెల్లం పానకం పోశాను. అంత సంతోషం నా సొంత పనులకు ఎన్నడూ పడలేదు.

3

మామ్మ రోజూ అడుగుతుంది. నేను నీళ్ళు పోస్తుంటే గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని, "పలికినాదేటి?" అంటుంది. లేదంటాను. ఇవాళ కాస్త విసుగ్గానే చెప్పాను, ఇక్కడ గాలి వీచదని, అందుకే ఆకులు కదలవని.

ఆ మాట చెప్పడానికి నాకంటే తగినవాళ్ళు లేరు. గాలి విసురుగా కదలకుండా చూడడమే నా ఉద్యోగం. అది నేల జల్లెళ్ళలోంచి మెల్లగా ఊరి, పైకప్పు రంధ్రాల్లోకి పోవాలి. కాస్త వేగం పెరిగితే మూలమూలల ధూళి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వీధిలో గాలి వీచిందంటే మా కేంద్రంలో ఎవరో తప్పు చేశారని అర్థం.

"గాలి వీస్తే నా ఉద్యోగం పోద్ది మామ్మా."

"నీ ఉద్దోగం సల్లగుండ. మా ఊర్ల కళ్ళం పక్కన కానుగ ఉండీది. గాలొస్తే కొత్త సీర మడత ఇప్పినట్టు సప్పుడు. ఇక్కడికి వొచ్చిన కాడ్నుంచి మీ యంతరాల గూ గూ తప్ప మరేటీ ఇన్నేదు. కళ్ళు నేనిదాన్ని. సప్పుడు నేకపోతే నాకు సెట్టు ఉన్నా ఒకటే, నేకపోనా ఒకటే. సచ్చీలోపల ఒక్కసారి ఇంటే సాలే అమ్మీ."

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. చెట్టు వచ్చిందని వీధంతా పండగ చేసుకున్నాం. అందరికంటే ఎక్కువ ఎదురుచూసిన మనిషికి మాత్రం అది ఇంకా రానే లేదు.

4

పట్టీలు వదులవుతున్నాయి. పొద్దున్న బిగించి వెళ్తే సాయంత్రానికి జారి ఉంటున్నాయి. ఒక పట్టీ కట్టు ఎవరో విప్పి, మళ్ళీ ఎలాగోలా ముడేసినట్టు ఉంది. కింద రెండు ఆకులు రాలి ఉన్నాయి. ఆ ఆకుల్ని నీళ్ళ గిన్నెలో వేసి పెట్టుకున్నాను, పారేయడానికి చేతులు రాలేదు. మూలింటి పిల్లల మీద అనుమానం వచ్చి వాళ్ళను గట్టిగా కేకలేశాను. మేం కాదని వాళ్ళు ఒట్టేశారు.

దారం మాత్రం భలే బిగుస్తోంది. ఇప్పటికి ఎన్నిసార్లు మార్చానో నాకే గుర్తు లేదు. బెహరా గారు చూసి, కాండం ఇంత త్వరగా లావెక్కడం ఇంకే వీధిలోనూ చూడలేదన్నారు. నా శ్రద్ధే కారణమనుకుని పొంగిపోయాను.

5

ఈ రోజు కేంద్రంలో ఒక భాగం మరమ్మతుకు ఆపారు. మధ్యాహ్నమే ఇంటికి వచ్చాను. ఆ వేళకు వీధిలో ఎవరూ ఉండరు, అందరూ పనుల్లో ఉంటారు.

మలుపు తిరగ్గానే చప్పుడు వినిపించింది. సన్నగా, ఆగి ఆగి. సర్... సర్... నాలాంటివాళ్ళకు ఆ చప్పుడుకు ఒకటే అర్థం. గొట్టం ఎక్కడో చీలింది, గాలి పోతోంది! గోడ వెంట పరుగెత్తి ఒక్కో అతుకు మీదా చెయ్యి పెట్టి చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. ప్రమాద మీట మీద చెయ్యి వేయబోతూ చెట్టు వైపు చూశాను.

చెట్టు ఊగుతోంది.

మెల్లగా ఒక పక్కకు వంగుతోంది, మళ్ళీ లేస్తోంది. వంగినప్పుడల్లా ఆకులన్నీ ఒకదాన్నొకటి రాసుకుని ఆ చప్పుడు చేస్తున్నాయి. పట్టీలు వదులుగా వేలాడుతున్నాయి. కొమ్మ నుంచి సన్నటి వడపోత దారం ఒకటి, వెలుగు పడితే తప్ప కనపడనిది, మామ్మ కిటికీలోకి పోయింది.

లోపలికి వెళ్ళాను. మామ్మ కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో దారాల చిక్కు, చేతులు వాటి పని అవి చేసుకుంటున్నాయి. దారం కొస కాలి బొటనవేలికి చుట్టి ఉంది. వేలు ముందుకీ వెనక్కీ కదులుతోంది. ఆమె మొహంలో అంత నెమ్మది నేనెప్పుడూ చూడలేదు.

అది చూసి కూడా అరిచాను. "మామ్మా! కొత్త వేళ్ళు తెగిపోతాయి! చెట్టు చస్తే మట్టి ఎత్తుకుపోతారు, నీకు తెలుసా? పట్టీలు విప్పింది నువ్వేనా?"

"గట్టిగా కట్టీసినావే. ఊపిరాడక గిజగిజలాడుతున్నాదని వొదులు సేసినాను."

జేబులోంచి కత్తి తీసి దారం కోసేశాను. తెగిన కొస ఆమె పాదం మీద పడింది. ఆమె కోప్పడలేదు. మొహం నా వైపు తిప్పి ఒక్కటే అడిగింది.

"ఇన్నావా?"

నేను బయటికి వచ్చి పట్టీలు బిగించాను.

6

చెట్టు క్షేమం. పట్టీలు బిగుతుగా ఉన్నాయి. ఆకులు రాలడం లేదు. మామ్మ గుమ్మంలోకి రావడం మానేసింది.

7

గోస్తనీ వీధి చెట్టు మా చెట్టుకంటే ముందు నాటినది. దాని పెద్ద ఈరయ్య మాస్టారు. అంత శ్రద్ధ గల మనిషిని చూడం. చెట్టు చుట్టూ అద్దాల పలకలు కూడా నిలబెట్టించారు, ధూళి తగలకుండా. ఈ రోజు దానికి గుంజలు తీస్తారంటే అందరం వెళ్ళాం.

గుంజలు తీశారు. పట్టీలు విప్పారు. చెట్టు ఒక క్షణం నిలబడి, తర్వాత తల వంచడం మొదలుపెట్టింది. ఇక్కడ ఏదీ దబ్బున పడదు, నెమ్మదిగా పడుతుంది. కాబట్టి అందరికీ పరుగెత్తి చేతులు అడ్డం పెట్టేంత సమయం దొరికింది. పట్టుకున్నారు. పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఎంతసేపని పట్టుకుంటారు? చివరికి మాస్టారే "దించండి బాబూ" అన్నారు. పసిబిడ్డను పడుకోబెట్టినట్టు నేల మీద పడుకోబెట్టారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూనే ఉన్నారు, పెట్టుకోలేదు. సాయంత్రానికి మట్టి ఎత్తేశారు. గుంట మీద పలక పడింది.

మహేంద్రతనయ వీధి చెట్టు కూడా అంతేనట. ఇక మిగిలింది మాదే. బెహరా గారు మొహం వాడిపోయి వచ్చి, మా చెట్టుకు మరో రెండు గుంజలు పాతించి, పై నుంచి కింది దాకా పట్టీలు చుట్టించారు.

గోడకు అవతల నుంచి మామ్మ గొంతు వినిపించింది. చాలా రోజుల తర్వాత.

"గోస్తనీ ఈదిల సెట్టు పడిపోనాదంటగా?"

"అవును మామ్మా."

"మనదో?"

నేను గుమ్మంలోకి వెళ్ళి పట్టీలు ఇంకోసారి బిగించాను.

8

చెట్టు పొడుగు పెరుగుతోంది. ఇప్పుడు సూర్యం తలను దాటింది. కానీ కొత్తగా వచ్చిన కొస సన్నగా తీగలా వేలాడుతోంది. పట్టీ కాస్త వదిలితే అటు పక్కకు ఒరుగుతోంది.

ఇవాళ ఆకులు తుడుస్తూ ఎర్ర దారం చూశాను. వదులుగానే ఉంది. కట్టిన రోజులాగే ఇప్పటికీ వేలు దూరుతోంది. ఇది ఎప్పుడు కట్టినదా అని వెనక్కి లెక్కేశాను. మామ్మ తాడును నేను కోసిన వారంలో కట్టినది. అంతకు ముందు మాటిమాటికీ దారం మార్చేదాన్ని. ఆ తర్వాత ఒక్కసారి కూడా మార్చలేదు.

ఇంట్లోకి వచ్చేసరికి సూర్యం బరువు పట్టీ విప్పుతున్నాడు. దాన్నే చూస్తూ నిలబడిపోయాను.

"ఏటలగ సూస్తున్నావు?"

"ఇదెందుకు కట్టుకుంటాం మనం?"

"కట్టుకోకపోతే ఎముకలు పిండయిపోతాయని చిన్నప్పుడే సెప్పినారు గదా. మోస్తేనే గట్టిపడతాయి."

"మరి చెట్టు ఏం మోస్తోంది?"

సూర్యం నవ్వబోయి ఆగిపోయాడు. ఇద్దరం గుమ్మంలోకి వెళ్ళి చెట్టును చూశాం. ఆరు గుంజలు, అన్ని పట్టీలు. దాని బరువంతా అవే మోస్తున్నాయి. అది తన కాళ్ళ మీద నిలబడాల్సిన అవసరం ఒక్క రోజూ రాలేదు. వచ్చిన ఆ కొన్ని నెలలూ మామ్మ వేలి పుణ్యం. ఆ పుణ్యాన్ని కత్తి పెట్టి కోసింది నేను.

9

బెహరా గారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. మామ్మ మీద ఏమైనా చర్య ఉంటుందేమో అని భయపడుతూనే చెప్పాను. ఆయన అలమరా వైపు చూపించారు.

"మా దగ్గరున్న పుస్తకాలన్నీ భూమి మీద రాసినవేనమ్మా," అన్నారు. "నీళ్ళ గురించి ఉంది, ఎరువు గురించి ఉంది, పురుగుల గురించి ఉంది. గాలి గురించి మాత్రం ఎవరూ రాయలేదు. ఎందుకు రాస్తారు? వాళ్ళకది ఊరికే వీచేది."

"ఊపమంటారా మరి?"

"ఊపమని నేను రాసివ్వలేను. మీ లెక్క తప్పయితే వేళ్ళు తెగుతాయి, చెట్టు ఇప్పుడే పోతుంది. ఊపకపోతే గుంజలు తీసిన రోజున పోతుంది." పరీక్షల జాబితా ముందుకు లాక్కున్నారు. "మీ వీధి పరీక్షను గడువులో ఆఖరి రోజుకు జరుపుతాను. అది నా చేతిలో పని. చెట్టు పెద్ద మీరు, అది మీ చేతిలో పని."

చెయ్యెత్తి దండం పెట్టాను. ఆయన కంగారుగా కుర్చీలోంచి లేచారు.

10

మామ్మ ఇంటికి కొత్త దారం ఉండ తీసుకెళ్ళాను. ఆమె గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది.

"మామ్మా, తాడు తెచ్చాను."

"ఎందుకే, మల్లీ కొయ్యడానికా?"

చెప్పాల్సిందంతా చెప్పాను. నువ్వు ఊపడం వల్లే కాండం గట్టిపడిందని, నేను చెడగొట్టానని, నన్ను క్షమించమని. ఆమె మొదట నమ్మలేదు.

"నాకేటి తెల్సు అమ్మీ. నాను సప్పుడు కోసం ఊపినాను. సెట్టు కోసం కాదు."

"తెలుసు. అయినా దానివల్లే బతికింది."

కొంచెంసేపు దారం ఉండను చేతిలో తిప్పింది. తర్వాత కాలు ముందుకు చాపింది. వంగి ఆ వేలికి తాడు నేనే కట్టాను. ఆ వేలి మీద గట్టిపడిపోయిన చర్మం ఉంది, చుట్టూ గీతలా. అందులో నా వాటా కూడా ఉంది. కళ్ళనీళ్ళు ఆగలేదు, ఆమెకు కనపడవు కాబట్టి ఆపుకోవడానికి ప్రయత్నించలేదు.

"ముక్కు ఎగబీల్సకే. బిగువుగా కట్టు," అంది మామ్మ.

ఒకే పక్కకు లాగితే ఒకే పక్కన గట్టిపడుతుందని సూర్యం అన్నాడు. అందుకని నాలుగు పక్కల నుంచీ నాలుగు తాళ్ళు కట్టాం. ఒకటి మామ్మ కిటికీలోకి, ఒకటి మా ఇంట్లోకి, ఒకటి నజీమా మిషను కిందికి, ఒకటి మూలింటికి. పట్టీలు రోజూ కొంచెం కొంచెం వదులు చేస్తున్నాను. వదిలిన ప్రతిసారీ నా ప్రాణాలు అరచేతిలోకి వస్తున్నాయి.

వీధి ఎలా మారిపోయిందో రాయకుండా ఉండలేను. షిఫ్టు దిగి వచ్చినవాళ్ళు చెప్పులు విప్పి, బరువు పట్టీ విప్పి, వేలికి తాడు కట్టుకుని కూర్చుంటున్నారు. కూరలు తరుగుతూ ఊపుతున్నారు, పిల్లలకు పాఠాలు చెబుతూ ఊపుతున్నారు. నజీమా కుడికాలితో మిషను తొక్కుతూ ఎడమ వేలితో చెట్టు ఊపుతుంది. మూలింటి పిల్లలు వంతుల కోసం కొట్టుకుంటున్నారు. వాళ్ళను అనవసరంగా కేకలేసినందుకు మొదటి వంతు వాళ్ళకే ఇచ్చాను.

వీటన్నిటి మీదా మామ్మ చెవి ఉంటుంది. నిన్న సూర్యం వేలికి తాడుతోనే కునికిపాట్లు పడి, ఉలిక్కిపడి లేచి కాలు జాడించాడు. చెట్టు తుపాను పట్టినట్టు ఊగింది.

"ఎవుడ్రా అది? సెట్టుని ఊపుతున్నావా, పీక్కెళ్తున్నావా?" అని కిటికీలోంచి కేక. "సిన్నప్పుడు నిన్ను ఇలాగే ఊపుంటే ఉయ్యాల్లోంచి ఎగిరిపడీవోడివి! నెమ్మదిగా. పడుకున్న పిల్లని ఊపినట్టు ఊపాల."

వీధి అంతా పగలబడి నవ్వింది. దాని మీదుగా ఆకుల చప్పుడు. ఇంతకాలం ఆ చప్పుడు లేకుండా ఎలా బతికామో నాకు అర్థం కావడం లేదు.

ఎర్ర దారం మళ్ళీ బిగిసింది. పానకం పోశాను.

11

ఈ రోజు పరీక్ష.

బెహరా గారు ముందు తాళ్ళు విప్పించారు. తర్వాత పట్టీలు. తర్వాత ఒక్కొక్క గుంజా. ఈరయ్య మాస్టారు కూడా వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఎవరూ పిలవలేదు, ఆయనే వచ్చారు. ఆఖరి గుంజ లాగుతుంటే ఆయన చెయ్యి నా చేతిని పట్టుకుంది.

చెట్టు కొంచెం ఒరిగింది. గోస్తనీ వీధి చెట్టు కూడా ఇలాగే మొదలుపెట్టింది. అందరి చేతులూ వాటంతటవే ముందుకు లేచాయి. ఒరిగినది అక్కడే ఆగింది. ఒకసారి వణికింది. మెల్లగా వెనక్కి వచ్చి నిటారుగా నిలబడింది.

బెహరా గారు అరచేత్తో కాండాన్ని నెట్టారు. వంగి, లేచింది. గట్టిగా నెట్టారు. వంగి, లేచింది. ఆయన అలాగే చెయ్యి దాని మీద ఉంచి తల వంచుకున్నారు. వీధిలో ఒక్కరూ అరవలేదు, చప్పట్లు కొట్టలేదు. కొందరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

గుమ్మంలోంచి మామ్మ, "ఏటయినాదే? ఎవులూ పలకరేటి?" అంది.

"నిలబడింది మామ్మా."

"ఎవులూ పట్టుకోనేదా?"

"ఎవరూ పట్టుకోలేదు."

"సరే మరి," అని గుమ్మంలోనే కూలబడింది. మాస్టారు వెళ్ళి ఆమె కాళ్ళకు దండం పెట్టారు. ఎవరో ఏంటో తెలియక ఆమె ఆయన తల తడిమి, "పెద్దోడివే, జుట్టంతా ఊడిపోనాది, లెగు బావూ" అంది.

ఇక్కడి దాకా అంతా సంతోషమే. తర్వాత బెహరా గారు కొమ్మలు పరీక్షించి, తాళ్ళు కట్టిన చోట బెరడు ఒరిసిపోయిందని చూపించారు. ఇక తాళ్ళు కట్టకూడదు, కడితే కొమ్మ కుళ్ళిపోతుంది. సబబే. తాళ్ళన్నీ చుట్టి లోపల పెట్టేశాం.

సాయంత్రం నీళ్ళు పోస్తుంటే మామ్మ కుర్చీలో కూర్చుని ఉంది. వీధి నిశ్శబ్దంగా ఉంది. "నిలబడినాది గదా, అంతే సాలు," అంది ఎవరూ అడగకుండానే. కానీ ఆమె బొటనవేలు ఖాళీగా కదులుతూనే ఉంది. చెట్టు మాకు దక్కింది, మామ్మకు చప్పుడు పోయింది. ఇది నాకు సమ్మతం కాదు. నేను గాలి కేంద్రంలో పని చేస్తున్నాను.

12

ఇదే చివరి నమోదు. చెట్టు నిలబడ్డాక చిట్టా రాయనక్కర్లేదట. కానీ రాయాల్సింది ఒకటి మిగిలింది.

బెహరా గారు, నేను కలిసి నగర సభకు వెళ్ళాం. కొత్త చెట్లు బతకాలంటే గాలి కావాలని ఆయన చెప్పారు. ఇవ్వగలమని నేను చెప్పాను. ధూళి సంగతేమిటని సభవాళ్ళు అడిగారు. మా వీధిని మేం తుడుచుకుంటామన్నాను. సాయంత్రం పూట కాసేపు, ఒక్క మా వీధిలో, చూద్దాం అన్నారు.

నిన్నంతా వీధి మోకాళ్ళ మీద ఉంది. ప్రతి ఇంటివాళ్ళూ తడిగుడ్డలు పట్టుకుని గోడలు, నేల, గుమ్మాల మూలలు, దీపాల పై భాగాలు తుడిచారు. గోస్తనీ వీధివాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళకు చెట్టు లేదు. మాస్టారు తన కళ్ళజోడు తుడుచుకునే గుడ్డతో మా గుమ్మం తుడుస్తుంటే నేను లాక్కోబోయాను, ఇవ్వలేదు. మాది గట్టెక్కితే వాళ్ళ గుంట మీద పలక కూడా లేపుతారని బెహరా గారు ఆయనకు మాటిచ్చారు.

ఇవాళ కేంద్రంలో మీట నన్నే తిప్పమన్నారు. ఇన్నేళ్ళు గాలిని కదలనివ్వకుండా కాపలా కాసినదాన్ని, మొదటిసారి వదిలేది కూడా నువ్వే కావాలి అన్నారు. వద్దన్నాను. ఆ వేళకు నేను ఉండాల్సిన చోటు వేరే.

మామ్మ మంచం అంచున, ఎప్పటిలాగే కాళ్ళు నేల మీద ఆనించి కూర్చుని ఉంది. చేతుల్లో దారాల చిక్కు. ఆమెకు ఏమీ చెప్పలేదు, ఎవరూ చెప్పవద్దని వీధిలో అందరికీ గట్టిగా చెప్పి ఉంచాను. కిటికీ తీసి పక్కన కూర్చున్నాను.

మొదట నా మెడ మీద చల్లగా తగిలింది. ఒంటి మీద వెంట్రుకలు లేచాయి. మామ్మ ముంగురులు నుదుటి మీద కదిలాయి. ఆ వెంటనే బయట చెట్టు మొత్తం ఒక్కసారి కదిలింది. మేం వేళ్ళతో లాగినప్పుడు ఎప్పుడూ అంత చప్పుడు రాలేదు. నాలుగు పక్కల నుంచీ, పై నుంచి కింది దాకా, నిజంగానే ఎవరో పెట్టెలోంచి కొత్త చీరలన్నీ తీసి మడతలు విప్పుతున్నట్టు.

మామ్మ చేతులు ఆగిపోయాయి. వంగి బొటనవేలు తడుముకుంది. తాడు లేదు. మళ్ళీ తడుముకుంది.

"తాడు కట్టినావేటే?"

"లేదు మామ్మా."

"నజీమా ఊపుతున్నాదా?"

"ఎవరూ ఊపడం లేదు. అందరూ బయట నిలబడి ఉన్నారు."

"మరెవులు ఊపుతున్నారే?"

"గాలి, మామ్మా."

ఆమె మొహం కిటికీ వైపు పెట్టి వింటూ ఉండిపోయింది. చెంపల మీద తడి గాలికి చల్లబడి ఉంటుంది, పమిట చెంగుతో తుడుచుకుంది. కాసేపటికి ఒళ్ళోని దారాలు తీసి నా చేతిలో పెట్టింది. తర్వాత కాళ్ళు రెండూ మంచం మీదికి లాక్కుని, దుప్పటి లోపలికి ముడుచుకుని, పక్కకు తిరిగి పడుకుంది. మెలకువగా ఉండగా ఆమె కాళ్ళు నేలకు ఆనకుండా ఉండడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

చిట్టాలో కృతజ్ఞతలు రాయకూడదని నియమం ఎక్కడా లేదు. అసిరమ్మ మామ్మకు, ఆమె కాలి వేలికి, ఈ వీధికి నేను రుణపడి ఉన్నాను. ఆమె నిద్రపోయేదాకా కిటికీ దగ్గరే కూర్చుని ఆ దారాల చిక్కు తీశాను.